ఆస్తమాలో ఆర్జినిన్ ఎటు పోతోంది?

ఆస్తమా ముదిరి అత్యవసర విభాగానికి వచ్చినవారి రక్తాన్ని పరీక్షించినప్పుడు అందులో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం తగ్గి కనిపించింది. నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును శరీరం తయారు చేసుకునేది ఈ ఆర్జినిన్ నుంచే. కానీ ఆస్తమా ఉన్న చాలామంది వదిలే ఊపిరిలో ఆ వాయువు మామూలుకన్నా ఎక్కువగా ఉంటుంది. ముడిసరుకు తరిగిపోతుంటే సరుకు ఎలా పెరుగుతోంది? ఇరవై ఏళ్లకు పైగా పరిశోధకులను వదలని ప్రశ్న ఇది. అమైనో ఆమ్లాల పౌడర్లు తాగితే ఆయాసం తగ్గుతుందా అని అడిగే యువతకు చెప్పవలసిన జవాబు కూడా ఈ ప్రశ్నలోనే ఉంది.

ఆ జవాబు ముందే చెప్పుకోవచ్చు. ఆస్తమాలో అమైనో ఆమ్లాల లెక్క తప్పడానికి ప్రధాన కారణం తిండి చాలకపోవడం కాదు. శ్వాసనాళాల్లోని వాపు వాటిని వేరే దారి పట్టిస్తుంది. లోపం వేరు, దారి మళ్లడం వేరు. లోపమైతే తెచ్చి పోస్తే సరిపోతుంది. దారి మళ్లిన చోట ఎంత పోసినా అది పోయే చోటికే పోతుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లే ఆస్తమా ఉన్న యువకులు ఇన్‌హేలర్‌ను పక్కన పెట్టి డబ్బాలు కొంటున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా 26.2 కోట్ల మందికి ఆస్తమా ఉంది. ఆ ఏడాది దాని వల్ల 4.55 లక్షల మంది చనిపోయారు. ఇంత పెద్ద సంఖ్యలో యువత గురించి విడిగా మాట్లాడుకోవడానికి కారణం ఉంది. ఊపిరితిత్తుల సామర్థ్యం పుట్టినప్పటి నుంచి పెరుగుతూ 20 నుంచి 25 ఏళ్ల మధ్య గరిష్ఠానికి చేరుతుంది. కొంతకాలం అక్కడే నిలిచి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఆ గరిష్ఠం ఎంత ఎత్తులో ఉందన్నదాన్ని బట్టి యాభై, అరవై ఏళ్ల వయసులో మెట్లెక్కేటప్పుడు ఊపిరి ఎంత మిగులుతుందో తేలుతుంది. చిన్నప్పటి నుంచి ఆస్తమా వదలని 684 మందిని యవ్వనం దాకా వెంబడించి చూసిన ఉత్తర అమెరికా అధ్యయనం 2016లో వెలువడింది. వారిలో దాదాపు 11 శాతం మంది ఊపిరి పరీక్ష ఫలితాలు ఆ లేత వయసులోనే సీఓపీడీ కొలమానాలకు సరిపోయాయి. శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకై, మామూలుగా పొగతాగే పెద్దవారిలో కనిపించే జబ్బు అది. శ్వాసనాళాల గోడలు మందమై గట్టిపడటం ఆస్తమాలో ఊపిరి తగ్గడానికి ఒక పెద్ద కారణం. ఆ గట్టిపడటానికీ ఆర్జినిన్ దారి మళ్లడానికీ నేరుగా సంబంధం ఉంది.

రెండు ఎంజైముల పోటీ

తిన్న ప్రోటీన్ జీర్ణమై అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. వాటిని ప్రోటీన్ల ఇటుకలని చెప్పుకోవడం మామూలే గానీ ఆ పోలిక ఇక్కడ సరిపోదు. ఇటుక గోడలో చేరితే అక్కడే ఉండిపోతుంది. అమైనో ఆమ్లం అలా కాదు. అదే అణువు ఒక కణంలో వాయువుగా, ఇంకో కణంలో హార్మోన్‌గా, మరో చోట విషాన్ని విరిచే పదార్థంగా మారుతుంది. ఏది అవుతుందన్నది ఆ కణంలో ఏ ఎంజైమ్ చురుగ్గా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇలా మార్చడం, వాడటం, విరగ్గొట్టడం అన్నీ కలిపితే దాన్నే జీవక్రియ అంటున్నాం.

ఆర్జినిన్ ముందు ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటి దారిలో నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ అనే ఎంజైమ్ దాన్ని నైట్రిక్ ఆక్సైడ్‌గా, సిట్రులిన్ అనే మరో అమైనో ఆమ్లంగా మారుస్తుంది. కొద్ది మోతాదులో, సరైన చోట పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్ శ్వాసనాళాల చుట్టూ ఉండే కండరాన్ని సడలిస్తుంది. ఊపిరితిత్తుల్లోని కొన్ని నరాలు కండరానికి 'వదులవ్వు' అని చెప్పేది ఈ వాయువుతోనే. రక్తనాళాల్లో దీని పాత్రను బయటపెట్టినందుకు రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

రెండో దారిలో ఆర్జినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఇది ఆర్జినిన్‌ను యూరియాగా, ఆర్నిథిన్‌గా విరగ్గొడుతుంది. కాలేయంలో ఇది రోజూ జరగాల్సిన పనే. ఒంట్లో తయారయ్యే అమ్మోనియాను యూరియాగా మార్చి బయటికి పంపేది అలాగే. శ్వాసనాళంలో ఆర్జినేజ్ అవసరానికి మించి పెరిగితే మాత్రం కథ వేరు. ఆర్నిథిన్ నుంచి పాలీఅమీన్లు పుడతాయి. అవి కణాలు గుణించడానికి తోడ్పడతాయి. అదే ఆర్నిథిన్ నుంచి ప్రోలిన్ పుడుతుంది. మచ్చ కట్టిన చోట పేరుకునే కొల్లాజెన్ అనే పీచు ప్రోటీన్‌కు ప్రోలిన్ ముఖ్యమైన సరుకు. అంటే కండరాన్ని సడలించాల్సిన ఆర్జినిన్, అదే నాళాల గోడను మందం చేసే పనికి పోతుంది. ఒకే మళ్లింపుతో రెండు నష్టాలు.

ఆర్జినిన్‌ను ఇలా మళ్లించే తూము తిప్పేది ఎవరు? అలర్జీ రకం ఆస్తమాలో రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే సంకేతాలను ఎక్కువగా వదులుతాయి. ఆర్జినేజ్‌ను పెంచేవి అవే. 2003లో ఎలుకలకు అలర్జీ కలిగించి చూస్తే వాటి ఊపిరితిత్తుల్లో బాగా పెరిగిన జన్యువుల్లో ఆర్జినేజ్‌వి ముందు వరుసలో నిలిచాయి. మరుసటి ఏడాది మనుషుల్లో చూశారు. ఆస్తమా ముదిరి ఆసుపత్రికి వచ్చినవారి రక్తంలో ఆర్జినేజ్ చురుకుదనం ఎక్కువగా, ఆర్జినిన్ తక్కువగా ఉన్నాయి. చికిత్సతో ఆయాసం నెమ్మదించే కొద్దీ ఎంజైమ్ తగ్గి ఆర్జినిన్ పెరిగింది. ఈ రెండో మాట చాలా విలువైనది. రోజుల వ్యవధిలో ఇలా కోలుకుంటోందంటే దాని వెనక ఉన్నది ఏళ్ల తరబడి పేరుకున్న పోషకాహార లోపం కాదని తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆర్జినిన్‌ను పట్టుకునే శక్తిలో నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ ఆర్జినేజ్ కన్నా దాదాపు వెయ్యి రెట్లు మిన్న. అలాంటప్పుడు ఆర్జినేజ్ దానికి పోటీ ఎలా అవుతుంది? పట్టులో వెనకబడినా వేగంలో ఆర్జినేజ్ వెయ్యి రెట్లు ముందుంటుంది. ఒకటి గట్టిగా పట్టుకుని మెల్లగా పని చేస్తే, ఇంకోటి వదులుగా పట్టుకున్నా ఆగకుండా మింగేస్తూ పోతుంది. దాంతో ఒకే కణంలో రెండూ ఉన్నప్పుడు పోటీ దాదాపు సమానమవుతుంది. పైగా ఆర్జినిన్ కణంలోకి వెళ్లే ద్వారాన్నే ఆర్నిథిన్, లైసిన్ కూడా వాడుకుంటాయి. ఆర్నిథిన్ పెరిగిన కొద్దీ ఆర్జినిన్‌కు లోపలికి వెళ్లే వీలు తగ్గుతుంది.

మరి ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎందుకు పెరుగుతోంది?

నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ ఒకటి కాదు, మూడు రకాలు. నరాల్లో ఒకటి, రక్తనాళాల లోపొరలో ఒకటి. ఈ రెండూ కొంచెం కొంచెంగా వాయువును వదులుతాయి. మూడోది వాపు వచ్చినప్పుడు మేలుకుని ధారాళంగా తయారు చేస్తుంది. ఆస్తమాలో శ్వాసనాళాల లోపలి పొరలో ఈ మూడో రకం విజృంభిస్తుంది. దాన్ని లేపేది కూడా ఇంటర్‌ల్యూకిన్-13. ఒకే సంకేతం ఒక చోట ఆర్జినేజ్‌ను, మరో చోట నైట్రిక్ ఆక్సైడ్ తయారీని పెంచుతోందన్నమాట. లోపొరలో పుట్టిన వాయువు నేరుగా ఊపిరిలో కలిసి బయటికి వస్తుంది, ఊపిరిలో దాన్ని కొలిచే మీటరులో అంకె పెరుగుతుంది. అంతలో కాస్త లోతున, నరాల దగ్గర, కండరాన్ని సడలించాల్సిన కొద్దిపాటి వాయువుకు కరువొస్తుంది. పైగా లోపొర కణాలు తాము వదిలిన సిట్రులిన్‌ను తిరిగి ఆర్జినిన్‌గా మార్చుకుని మళ్లీ వాడుకోగలవు. రక్తంలో ఆర్జినిన్ తగ్గినా వాటికి పెద్దగా లోటు తెలియదు. మొత్తం ఎంత ఉందని అడిగితే ఈ ముడి విడదు. ఎక్కడ ఎంత ఉందని అడగాలి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆర్జినిన్ చాలని చోట నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ పని ఆపి ఊరుకోదు, గాడి తప్పుతుంది. నైట్రిక్ ఆక్సైడ్‌కు బదులు సూపర్ ఆక్సైడ్ అనే దుడుకు అణువును వదులుతుంది. ఆ రెండూ కలిస్తే పెరాక్సీనైట్రైట్ పుడుతుంది. అది చుట్టుపక్కల ప్రోటీన్లను, కొవ్వులను దెబ్బతీస్తుంది. సడలించే వాయువే మరో జత దొరికితే గాయం చేసేదవుతుంది.

ఇదంతా తెలిశాక, వాపు సమయంలో పెరిగే ఆ మూడో రకం ఎంజైమ్‌ను ఆపేస్తే ఆస్తమా తగ్గుతుందేమో అనిపించడం సహజం. ఆ ప్రయత్నమూ జరిగింది. దాన్ని మాత్రమే గురి చూసి ఆపే మందును ఆస్తమా ఉన్నవారిపై పరీక్షించారు. 2007లో వచ్చిన ఆ ఫలితాల్లో ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ 90 శాతానికి పైగా పడిపోయింది. కానీ అలర్జీ పదార్థం తగిలినప్పుడు శ్వాసనాళాలు ముడుచుకుపోవడంలో గానీ, వాపు కణాల సంఖ్యలో గానీ మార్పు రాలేదు. పొగను ఊది తరిమినంత మాత్రాన నిప్పు ఆరదు. ఈ రంగంలో వచ్చిన ఫలితాల్లో ఎక్కువ పాఠం నేర్పింది ఇదే అనుకోవచ్చు. ఒక పదార్థం పెరిగింది కాబట్టి అదే జబ్బుకు మూలమనుకునే తొందరకు అది గట్టి సమాధానం.

ఆర్జినేజ్‌ను కూడా పూర్తిగా దోషిని చేయలేం. దానిలో రెండు రకాలున్నాయి. రెండోది కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉంటుంది. ఆస్తమాలో ఇది పెరగడం కణాలకు శక్తిని అందించి, వాపు సంకేతాలను కొంత అదుపులో పెడుతుందని 2016లో వచ్చిన పరిశోధన చూపింది. ఆ ఎంజైమ్ లేని ఎలుకల్లో వాపు ఎక్కువైంది. కాబట్టి ఆర్జినేజ్ మొత్తాన్ని మందుతో అణిచేస్తే మేలు ఎంతో, కీడు ఎంతో తేల్చుకోవడం తేలిక కాదు.

ఊపిరిలో కొలిచే అంకె

అమైనో ఆమ్లాల జీవక్రియ ఆస్తమా చికిత్సలో నిజంగా ఉపయోగంలోకి వచ్చింది ఒక పరీక్షగా. మనిషి వదిలే ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఉంటుందని 1991లో స్వీడన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆస్తమా ఉన్నవారిలో అది ఎక్కువని 1993లో తేలింది. ఇప్పుడు దీన్ని ఫీనో పరీక్ష అంటున్నారు. గొట్టంలోకి నిలకడగా, సెకనుకు 50 మిల్లీలీటర్ల వేగంతో ఊదితే చాలు. ఫలితం పీపీబీలో వస్తుంది, అంటే గాలిలో వంద కోట్ల వంతుల్లో ఎన్ని వంతులు ఆ వాయువో చెబుతుంది. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011 మార్గదర్శకాల ప్రకారం పెద్దల్లో 25 కన్నా తక్కువైతే అలర్జీ రకం వాపు ఉండే అవకాశం తక్కువ. 50 దాటితే ఆ వాపు ఉండే అవకాశం, పీల్చే స్టెరాయిడ్‌కు అది లొంగే అవకాశం ఎక్కువ. మధ్యలో ఉన్న అంకెను మనిషి లక్షణాలతో కలిపి చూడాలి.

యువత విషయంలో ఈ అంకెను చదవడానికి కొంచెం జాగ్రత్త కావాలి. సిగరెట్ తాగేవారిలో ఇది తగ్గి కనిపిస్తుంది. వాపు ఉన్నా అంకె బాగుందని మోసపోవచ్చు. పొగ సంగతి డాక్టరు దగ్గర దాచే వయసు కూడా ఇదే కాబట్టి ఆ పొరపాటుకు అవకాశం ఎక్కువ. మరోపక్క, పీల్చే స్టెరాయిడ్ క్రమంగా వాడితే అంకె పడిపోతుంది, మానేస్తే మళ్లీ పెరుగుతుంది. చదువులు, కొత్త ఉద్యోగాలు, ఇల్లు విడిచి వేరే ఊళ్లో ఉండటం లాంటి మార్పుల మధ్య రోజువారీ ఇన్‌హేలర్ మొదట మానేసేది ఈ వయసువారే. 'వాడుతూనే ఉన్నాను' అన్న మాట ఎంతవరకు నిజమో ఈ పరీక్ష కొంత చెప్పగలదు. నిందించడానికి కాదు, మందు పనిచేయడం లేదా, అసలు లోపలికి వెళ్లడం లేదా అన్నది తేల్చడానికి. ఈ రెండు సందర్భాల్లో చేయాల్సిన చికిత్స ఒకటి కాదు.

లూకోట్రయీన్ల తోకలో అమైనో ఆమ్లాలు

ఆర్జినిన్ తర్వాత చెప్పుకోవాల్సింది గ్లూటాథయోన్ గురించి. గ్లుటామిక్ ఆమ్లం, సిస్టీన్, గ్లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు కలిసిన చిన్న అణువు ఇది. శ్వాసనాళాల లోపలి తడిపొరలో ఉండి, పీల్చిన కాలుష్యం నుంచి, వాపు కణాలు వదిలే దుడుకు అణువుల నుంచి కాపాడుతుంది. ఆస్తమాలో ఈ కాపలా మీద భారం పెరుగుతుంది.

అయితే ఇదే గ్లూటాథయోన్‌కు ఇంకో ముఖం ఉంది, దాని గురించి బయట మాట్లాడేవారు తక్కువ. 1938లోనే శాస్త్రవేత్తలు ఊపిరితిత్తుల కండరాన్ని నెమ్మదిగా, చాలాసేపు బిగించే ఒక పదార్థాన్ని గమనించారు. అది ఏమిటో నాలుగు దశాబ్దాలు తెలియలేదు. 1979లో స్వీడన్‌లో బెంగ్ట్ సామ్యుయెల్సన్ బృందం దాని నిర్మాణం విప్పింది. అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు నుంచి పుట్టిన అణువుకు గ్లూటాథయోన్ అతుక్కుంటే ఆ పదార్థం తయారవుతోంది. దానికి పెట్టిన పేరు లూకోట్రయీన్. మొదట పుట్టేది లూకోట్రయీన్ సి4. దాని నుంచి గ్లుటామిక్ ఆమ్లం ఊడిపోతే డి4, గ్లైసిన్ కూడా ఊడిపోతే ఇ4. చివరికి మిగిలేది సిస్టీన్ ఒక్కటే. అందుకే వీటిని సిస్టీనైల్ లూకోట్రయీన్లు అంటారు. శ్వాసనాళాలను బిగించడంలో వీటి శక్తి హిస్టమిన్ కన్నా దాదాపు వెయ్యి రెట్లు. కాపలా కాసే అణువే బిగించే అణువులో సగభాగం కావడం చూస్తే, 'యాంటీ ఆక్సిడెంట్ కాబట్టి ఎంత ఉంటే అంత మంచిది' అన్న లెక్క ఎంత పైపైనిదో అర్థమవుతుంది.

1998 నుంచి అమెరికాలో వాడుకలో ఉన్న మాంటెలుకాస్ట్ మాత్ర అడ్డుకునేది ఈ లూకోట్రయీన్లనే. దీని గురించి యువత, వారి ఇంట్లోవారు తప్పక తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. నిద్ర చెదరడం, దిగులు, చిరాకు, ఆత్మహత్య ఆలోచనలు లాంటి మానసిక దుష్ఫలితాల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 మార్చిలో ఈ మందుపై తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను చేర్చింది. అందరికీ అలా జరుగుతుందని కాదు. కానీ మాత్ర మొదలుపెట్టాక మనిషిలో మార్పు కనిపిస్తే దాన్ని పరీక్షల టెన్షన్ అనో, వయసు ప్రభావం అనో కొట్టిపారేయకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు పడగానే ఆయాసం వచ్చే ఒక రకం ఆస్తమా ఉంది. ఇది ఎక్కువగా యవ్వనంలో గానీ నడివయసులో గానీ మొదలవుతుంది. వీరి మూత్రంలో లూకోట్రయీన్ ఇ4 బాగా ఎక్కువగా ఉంటుంది. తరచూ ముక్కు దిబ్బడ, వాసన తెలియకపోవడం, ముక్కులో కండ పెరగడం, వాటితో పాటు ఆస్తమా ఉంటే ఈ అనుమానం రావాలి.

మిగతావాటి సంగతి

టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఆస్తమాలో సాక్షిలా పనికొస్తుంది. అలర్జీ వాపులో పోగయ్యే ఈసినోఫిల్ అనే తెల్లకణాల దగ్గర ఒక ప్రత్యేక ఎంజైమ్ ఉంటుంది. శరీరంలో బ్రోమైడ్ కన్నా క్లోరైడ్ ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్నా, ఆ ఎంజైమ్ ఏరికోరి బ్రోమైడ్‌ను వాడుకుంటుంది. దాని దెబ్బ తగిలిన ప్రోటీన్లలోని టైరోసిన్ బ్రోమోటైరోసిన్‌గా మారి, చివరికి మూత్రంలో బయటపడుతుంది. న్యూట్రోఫిల్ అనే మరో రకం కణాల ఎంజైమ్ క్లోరోటైరోసిన్ ముద్ర వేస్తుంది. ఇందాక చెప్పుకున్న పెరాక్సీనైట్రైట్ నైట్రోటైరోసిన్ ముద్ర వేస్తుంది. గాయం చేసింది ఎవరో టైరోసిన్ మీది ముద్ర చెబుతుంది. ఆస్తమా అనే ఒకే పేరు కింద వేర్వేరు జబ్బులున్నాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు కాబట్టి, ఈ రకం ఆనవాళ్లకు ముందుముందు విలువ పెరగవచ్చు.

ట్రిప్టోఫాన్ విషయం ఇంకా స్పష్టపడలేదు. ఒంట్లోని ట్రిప్టోఫాన్‌లో ప్రోటీన్ల తయారీకి పోగా మిగిలేదాంట్లో అత్యధిక భాగం కైనురెనిన్ దారిలో పోతుంది. కొద్ది భాగమే సెరటోనిన్ అవుతుంది. కైనురెనిన్ దారిని తెరిచే ఒక ఎంజైమ్ రోగనిరోధక కణాల దూకుడును తగ్గించగలదు కాబట్టి అలర్జీలో దాని పాత్రపై ఆసక్తి ఉంది. మనుషుల్లో వచ్చిన ఫలితాలు ఒకే దిక్కు చూపడం లేదు. హిస్టిడిన్ సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. దాని నుంచే హిస్టమిన్ పుడుతుంది. అయితే తుమ్ములకు, దురదలకు పనికొచ్చే యాంటీ హిస్టమిన్ మాత్రలు ఆస్తమాకు చికిత్స కావు.

రక్తంలో అంకెలు ఎందుకు దారి తప్పిస్తాయి

ఒక బొట్టు రక్తంలో వందలాది పదార్థాలను ఒకేసారి కొలిచే మెటబొలోమిక్స్ పద్ధతి వచ్చాక ఆస్తమా, అమైనో ఆమ్లాలపై అధ్యయనాలు పెరిగాయి. ఒకదానిలో ఒక అమైనో ఆమ్లం పెరిగిందంటారు, ఇంకోదానిలో తగ్గిందంటారు. దీనికి కారణాలు వెతికితే చాలావరకు మామూలు విషయాలే. భోజనం చేసిన గంట తర్వాత రక్తం తీస్తే అమైనో ఆమ్లాలు ఒకలా ఉంటాయి, పరగడుపున తీస్తే ఇంకోలా ఉంటాయి. నోటి ద్వారా వాడే స్టెరాయిడ్ మాత్రలు కండరాల ప్రోటీన్‌ను కరిగిస్తాయి, కాలేయంలో ట్రిప్టోఫాన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను పెంచుతాయి. అంటే జబ్బు ముద్ర అనుకున్నది మందు ముద్ర కావచ్చు. ఆర్జినేజ్ లెక్కలో మరో మెలిక ఉంది. మనిషి ఎర్ర రక్తకణాల్లోనే ఆర్జినేజ్ దండిగా ఉంటుంది. నమూనా తీసేటప్పుడు, దాచేటప్పుడు కణాలు చిట్లితే అది సీరంలోకి, అంటే పరీక్షకు వాడే రక్తంలోని ద్రవ భాగంలోకి, వచ్చేసి ఫలితం ఉత్తుత్తినే పెరుగుతుంది. రక్తం శ్వాసనాళం కాదన్న మాట అన్నిటికన్నా ముఖ్యం. కణం లోపల, మైటోకాండ్రియా లోపల జరిగే పంపకం మోచేతి దగ్గర తీసిన నమూనాలో పూర్తిగా కనిపించదు. అందుకే ఆస్తమా నిర్ధారణకు గానీ చికిత్సకు గానీ రక్తంలో అమైనో ఆమ్లాల పరీక్ష చేయించుకోవాల్సిన పని లేదు. ఎవరైనా ప్యాకేజీగా అమ్మితే దాని వల్ల చికిత్స ఏం మారుతుందని అడగాలి.

పౌడర్లతో పని జరుగుతుందా

ఆర్జినిన్ నేరుగా ఇచ్చి చూశారు. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన ఆస్తమా ఉన్నవారికి ఇచ్చిన పరీక్షల్లో ఆస్తమా విజృంభించే సందర్భాలు తగ్గలేదు. ఇది ఊహించగలిగేదే. నోటి ద్వారా తీసుకున్న ఆర్జినిన్‌లో గణనీయమైన భాగాన్ని పేగుల్లో, కాలేయంలో ఉన్న ఆర్జినేజ్ ముందే తినేస్తుంది. మిగిలినది శ్వాసనాళాలకు చేరినా అక్కడ తూము తిరిగి ఉన్న వైపే పోతుంది.

వ్యాయామానికి ముందు తాగే పౌడర్లలో ఆర్జినిన్, సిట్రులిన్‌లతో పాటు తరచూ కెఫీన్ కూడా ఉంటుంది. కెఫీన్ ఆస్తమాకు పూర్వం బాగా వాడిన థియోఫిలిన్‌కు దగ్గరి బంధువు. కొన్ని గంటలపాటు శ్వాసనాళాలను స్వల్పంగా తెరుస్తుంది. పౌడర్ తాగాక ఊపిరి తేలికైందని అనిపిస్తే అది కెఫీన్ పని అయి ఉండవచ్చు, లోపలి వాపు మాత్రం అలాగే ఉంటుంది. సిస్టీన్ నుంచి తయారైన ఎన్-అసిటైల్ సిస్టీన్‌ను కఫం పలచబరచడానికి వాడతారు. దాన్ని ఆవిరిగా పీలిస్తే ఆస్తమా ఉన్నవారిలో శ్వాసనాళాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. సొంతంగా ప్రయత్నించే విషయం కాదది.

ఒక్క చోట మాత్రం తలుపు పూర్తిగా మూసుకోలేదు. అధిక బరువుతో, పెద్దయ్యాక మొదలైన ఆస్తమాలో ఏడీఎంఏ అనే పదార్థం పాత్ర కనిపిస్తోంది. ఇది ఆర్జినిన్‌ను పోలి ఉండి, నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్‌లో ఆర్జినిన్ కూర్చోవాల్సిన చోట తాను కూర్చుని పనిని అడ్డుకుంటుంది. ఈ రకం వారిలో ఏడీఎంఏతో పోలిస్తే ఆర్జినిన్ తక్కువగా ఉంటుంది, ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ కూడా ఎక్కువ ఉండదు. పీల్చే స్టెరాయిడ్లకు వీరు అంతంతమాత్రంగానే స్పందిస్తారు. 2019లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఇలాంటి 41 మందికి రోజుకు 15 గ్రాముల సిట్రులిన్ రెండు వారాలపాటు ఇచ్చారు. సిట్రులిన్‌ను పేగుల్లోని, కాలేయంలోని ఆర్జినేజ్ ముట్టుకోలేదు. మూత్రపిండాల దాకా వెళ్లి అక్కడ ఆర్జినిన్‌గా మారుతుంది. రెండు వారాల తర్వాత వారి ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ పెరిగింది, ఆస్తమా అదుపు కొంత మెరుగైంది. కానీ పోల్చడానికి ఉత్తుత్తి మందు తీసుకున్న గుంపు అందులో లేదు, కాలవ్యవధి చిన్నది. కాబట్టి దీన్ని ఆశ అనవచ్చు, చికిత్స అనలేం. ఇక్కడ గమనించాల్సింది, అలర్జీ రకంలో పెరిగితే జబ్బు గుర్తు అనుకునే నైట్రిక్ ఆక్సైడ్, ఈ రకంలో పెరిగితే మేలు గుర్తు అయింది.

తూము తిప్పే చెయ్యి పట్టుకుంటే

ఆర్జినిన్ పోసే బదులు, దాన్ని మళ్లిస్తున్న సంకేతాన్ని ఆపే మార్గం ఇప్పటికే ఉంది. మొదటిది పాతదే, పీల్చే స్టెరాయిడ్. వాపును తగ్గించి ఆ సంకేతాల జోరు తగ్గిస్తుంది. ఆస్తమా చికిత్సకు అంతర్జాతీయంగా దారి చూపే జినా సంస్థ 2019లో ఒక పెద్ద మార్పు చేసింది. పెద్దలు, కౌమారంలో ఉన్నవారు ఆయాసం వచ్చినప్పుడు ఉపశమనం ఇచ్చే సాల్బుటమాల్ రకం ఇన్‌హేలర్ ఒక్కదానితోనే నెట్టుకురావద్దంది. స్వల్ప ఆస్తమాలో కూడా స్టెరాయిడ్ ఏదో ఒక రూపంలో ఉండాలంది. అప్పుడప్పుడే ఆయాసం వస్తుందని ఉపశమనం ఇన్‌హేలర్‌ను జేబులో పెట్టుకుని తిరిగే యువతకు ఇది నేరుగా వర్తించే మాట. అది కండరాన్ని సడలిస్తుంది, వాపును తాకదు. పీచు పేరుకోవడం దాని వెనక సాగుతూనే ఉంటుంది.

రెండోది తీవ్రమైన ఆస్తమాకు ఇచ్చే డుపిలుమాబ్ ఇంజెక్షన్. అమెరికాలో 2018లో 12 ఏళ్లు నిండినవారికి ఆస్తమాలో అనుమతి వచ్చింది. ఇంటర్‌ల్యూకిన్-4, 13 రెండూ కణం మీద వాలే చోటును, అంటే గ్రాహకాన్ని, ఇది మూసేస్తుంది. ఫలితంగా ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది, ఆస్తమా విజృంభించే సందర్భాలూ తగ్గుతాయి. 2007 నాటి మందు కూడా ఆ వాయువును తగ్గించింది, ఇంకా ఎక్కువే తగ్గించింది. అయినా దానితో మేలు జరగలేదు, దీనితో జరుగుతోంది. అది కాలువ చివర చుక్కలను తుడిచింది, ఇది తూము దగ్గర చెయ్యి వేసింది. ఫీనో అంకె ఎక్కువున్నవారిలో ఈ ఇంజెక్షన్ ఫలితం బాగా కనిపిస్తుంది. అంకె తక్కువున్నవారిలో ఆపడానికి ఆ సంకేతమే అంతగా ఉండదు. సిట్రులిన్‌తో ప్రయత్నాలు మొదలైంది ఆ రెండో గుంపు నుంచే.